నూటయిరువదియేడు పేర్లు

ఆషాఢమాసమున అనంతపుర మండలము మీదికి మేఘములు వచ్చునే కాని వర్షింపవు. పడమటి దిక్కున పుట్టిన గాలి ఎఱ్ఱమట్టిని ఒడినిండ నింపుకొని ధర్మవరపు వీథుల వెంట పరుగులిడుచు పట్టునూలు ఆరవేసిన దండెముల నూపుచు మూసిన తలుపులను తట్టి తట్టి ఎవ్వరును పలుకకున్నచో అలిగినదానివలె మూలమలుపున సుడి తిరుగుచుండును. అట్టి గాలి వీచుచున్న ఒకానొక ఉదయమున నేతవారి వీథిలోని మగ్గములన్నియు ఒకదాని కొకటి బదులు చెప్పుకొనుచున్నట్లు మ్రోగుచుండగా సుంకులమ్మ యింట మాత్రము నాలుగు మగ్గములును నోరు మూసికొని యుండెను.

ఆ యూర చీర అంచులోని పువ్వు మగ్గము మీద పుట్టదు. మొదట అది కంప్యూటరు తెఱపై గళ్ళుగళ్ళుగా పుట్టి పిమ్మట అట్టలపై రంధ్రములై ఆ అట్టలు మగ్గము నెత్తిన తిరుగుచు పోగులను లేపగా అప్పటికి పట్టులో పూయును. శ్రావణమాసపు పెండ్లిండ్లకై దుకాణమువారు క్రొత్త అంచు నమూనా నొకదానిని పంపియుండిరి. దానిని సుంకులమ్మ యింటి కంప్యూటరులో భద్రపఱుపబోయిన ప్రతిసారియు చోటు చాలదను మాట ఎఱ్ఱని గీతతో కూడి తెఱపై నిలుచుచుండెను. చోటు లేక నమూనా లేదు. నమూనా లేక అట్టలు లేవు. అట్టలు లేక నాలుగు కుటుంబముల చేతులకు పని లేదు.

ఇరువదిరెండేండ్లు ఆ యింట పువ్వులు పూయించినవాడు సుంకులమ్మ పెనిమిటి కదిరెప్ప. క్రిందటి కార్తీకమున అన్నము ముందు కూర్చుండి చేయి కడుగకయే గుండె యాగి మరణించెను. బ్రదికియున్నంత కాలము ఆయన నోటినుండి మాట రాలుట పట్టుపురుగు నోటినుండి దారము వచ్చునంత సన్నముగను అంత నిదానముగను జరిగెడిది. కాని ఆ వంశమున ఒక ఆచారము కలదు. ఆయన తండ్రి అట్టలకట్టలకు గుడ్డపేలిక కట్టి దానిపై పువ్వు పేరు వ్రాయక ఆ పువ్వు గీసిన దినమున ఇంట జరిగిన సంగతిని వ్రాసెడివాడు. పువ్వులు ఒకదానినొకటి పోలును గాని దినములు పోలవని ఆ పెద్దాయన వాదము. కదిరెప్పయు చేతిగీత పోయి కంప్యూటరు వచ్చినను ఆ పద్ధతి విడువక తన నమూనాల కన్నిటికిని అట్లే పేర్లు పెట్టుచు వచ్చెను. సుంకులమ్మకు చదువు రాదు గనుక ముప్పదియేండ్ల కాపురమున ఆ పేర్లలో ఒక్కటియైనను ఆమె యెఱుగదు.

ఆయన పోయిన పిదప నేతగాండ్రు వచ్చి ఏ నమూనా ఎచ్చట నున్నదని అడుగగా తెఱ ముందు నిలువబడి కన్నులు తిప్పుటయే తప్ప బదులు చెప్పలేక ఆమె సిగ్గిలి తన యేబదినాలుగవ యేట పలక కొని బడిపంచలో మధ్యాహ్నపు వేళ జరుగు పెద్దల తరగతికి పోసాగెను. ప్రక్కయింటి ముసలినేతకత్తె లింగమ్మ అరుగు మీదనుండి ఆమెను పోనిచ్చెడిది కాదు.

“ఏమే సుంకులూ, ఈ వయసులో పలక పట్టినావు. యముడొచ్చి సంతకం పెట్టమంటాడనా?”

“పెట్టమంటే పెడతాలే అత్తా. వేలిముద్రేసి పోతే అక్కడ మీ కొడుకు వరస ఆయప్ప నవ్వడా?”

“వాడు నవ్వంగా ఎవురు చూసినారే!” అని లింగమ్మ నోరు మూసికొని నవ్వెడిది.

జ్యేష్ఠమాసము నాటికి సుంకులమ్మకు అక్షరములు వశమయ్యెను. తెఱపై వరుసగా నున్న పేర్లను వ్రేలు పెట్టి కూడబలుకుకొనుచు ఆమె చదువ మొదలిడెను. ‘మగ్గం గుంతలో వాన నీళ్ళు నిలిచిన నాడు’ అని యొకటి. ‘సుంకులు అలిగి పుట్టింటికి పోయిన నాడు’ అని యొకటి. తెఱచి చూడగా దానిలో పువ్వు లేదు పిందె లేదు ఉత్త గీతలు. దాని క్రింద ‘సుంకులు తిరిగి వచ్చిన నాడు’ అని యుండెను. అందు అంచు నిండ మామిడిపిందెలు ఒకదాని నొకటి త్రోసికొనుచున్నవి. ‘చింతచిగురు పప్పులో ఉప్పు మరిచిన నాడు’ అను పేరు చదివినప్పుడు ఆమె నవ్వబోయి ఏడ్చెను. ఆ దినమున ఆయన మాఱుమాట లేక రెండుమార్లు వడ్డించుకొని తినియుండెను. చెప్పని మాటలన్నియు ఆయన ఇచ్చట దాచుకొనెనని ఆమెకు అప్పటికి తెలియవచ్చెను.

అట్లు చదువుచు చదువుచు ఒక పేరు నొద్ద ఆమె వ్రేలు నిలిచిపోయెను. ‘పాప పోయిన నాడు.’

పందొమ్మిదేండ్ల క్రిందట వారి యొక్కతె కూతురు నీలవేణి ఆఱేండ్ల ప్రాయమున విషజ్వరము తగిలి మరణించెను. బిడ్డను మట్టిలో పెట్టి వచ్చిన కదిరెప్ప స్నానము చేసి ఎవ్వరితోను పలుకక ఇంటివైపు వీపు పెట్టి కంప్యూటరు ముందు కూర్చుండి ప్రొద్దు క్రుంకు దాక లేవలేదు. లోపల నేల మీద పడి పొర్లుచున్న సుంకులమ్మ ఆ వీపును చూచెను. బిడ్డను పూడ్చిన చేతులతోనే పువ్వులు గీయువాడు మనిషియా అని ఆమె మనసున ఒక ముల్లు నాటుకొనెను. పందొమ్మిదేండ్లు ఆయనకు అన్నము పెట్టెను నీళ్ళు తోడెను కాలు నొప్పియన్నచో తైలము రాచెను. కాని ఆ ముల్లు తీయలేదు. ఇప్పుడా ముల్లు పేరు కళ్ళెదుట నుండెను. దానిని తాకినచో ఆయన ఆనాడు ఏమి గీసెనో కనబడును. పువ్వు గీసెనా? కన్నీరు గీసెనా? ఆమెకు ధైర్యము చాలలేదు. కార్తీకమున ఆయన తిథి వచ్చును. ఆనాడు నీళ్ళు వదలి క్షమింపుమని అడిగి అప్పుడు చూతునని మ్రొక్కుకొని ఆమె వ్రేలు వెనుకకు తీసికొనెను.

అంతలో ఆషాఢము వచ్చి చోటు నిండిపోయెను.

కంప్యూటర్లు బాగుచేయు ఖాజా పీరా పూర్వము కదిరెప్ప మగ్గము మీదనే నేత నేర్చినవాడు. నలువది దాటిన మనిషి. అతడు వచ్చి యంత్రములోని చెత్తబుట్ట నంతయు క్రుమ్మరించి పనికిరాని తాత్కాలికపు ఫైళ్ళను తుడిచి రవ్వంత చోటు సంపాదించి పోయెను గాని దుకాణపు నమూనాకు అది చాలలేదు. మూడవదినమున ఎఱ్ఱగీత మఱల వచ్చెను. మఱల పిలిపింపగా అతడు తల గోకికొనుచు కూర్చుండెను.

“అక్కా, ఈ పెట్టెలో రెండు గదులుండాయి. ముందు గది సీ డ్రైవు. యంత్రం సామానంతా దాంట్లోనే. అది నిండి గాలాడకుండా పోయింది. ఏ నమూనా దాచల్లన్నా యంత్రానికి ముందు దీంట్లోనే చోటు కావల్ల. పక్క గది డీ డ్రైవు. అన్న నమూనాలు దాంట్లో ఉండాయి. అది సగానికి పైన ఖాళీ.”

“అయితే నడిమి గోడ రవ్వంత పక్కకు జరపరాదా?”

“అది జరిగే గోడ గాదక్కా. పక్క గది మొత్తం పడగొడితేనే ఆ చోటు ఈ గదిలో కలిసేది. ముందు దాంట్లోని సామాను బయట పెట్టుకోవల్ల. పడగొట్టినాక మళ్ళీ కావల్లంటే రాదు.”

“నేనే పెడతా. ఆయన సామాను ఇంగొకరు ముట్టద్దు. నువ్వు మూడు దినాలు పోయి రా.”

ఖాజా బొటనవ్రేలంత పెన్‌డ్రైవు నొకదానిని ఆమె చేత పెట్టి ఎట్లు నింపవలయునో మాత్రము చూపి పోయెను.

ఇచ్చట ఒక్క విషయము చెప్పవలయును. కదిరెప్ప ప్రతిసారియు లోపలి గదికి పోవు శ్రమ లేకుండ ఒక్కొక్క నమూనాకు ఒక్కొక్క గుర్తును మొదటి తెఱపై పెట్టుకొనియుండెను. గుర్తును తాకినచో అది లోపలి గదిలోని నమూనాను పిలుచుకొని వచ్చును. గుర్తు వేఱు నమూనా వేఱు. ఇంటిముందటి పేరుపలక వేఱు ఇంటిలోని మనుష్యుడు వేఱైనట్లు. కాని సుంకులమ్మ ఆ పేర్లను అచ్చటనే చదివెను అచ్చటనే తాకెను అచ్చటనే పువ్వులు తెఱచుకొనగా చూచెను. గుర్తుల మూలన నున్న చిన్న వంకరబాణమును ఆమె ఆయన ముచ్చటపడి పెట్టిన పిందె తొడిమ యనుకొనెను. మూడు దినములు పీట వేసికొని కూర్చుండి ఒక్కొక్క పేరును చదివి దానిని పెన్‌డ్రైవులో పెట్టి నోటుపుస్తకమున వ్రాసి గీత పెట్టెను. నూటయిరువదియేడు పేర్లు. ఒక్కటియైన తప్పిపోలేదు. నేర్చిన చదువు ఇందుకు గదా నేర్చితినని ఆమె తృప్తిపడెను.

నాలుగవదినమున ఖాజా వచ్చెను.

“అన్నీ వచ్చినాయా అక్కా?”

“నూటిరవై ఏడు. చదివి చదివి పెట్టినా.”

“నేనూ ఒకతూరి చూస్తా, ఇట్లియ్యి.”

“ఏమప్పా, నా చదువు మీద నమ్మకం లేదా? ముసిల్ది ఏం చదివిందిలే అనా?”

ఖాజా నవ్వి చాచిన చేయి వెనుకకు తీసికొనెను. “నువ్వు చదివినాక ఇంగ నేను చూసేదేముందిలే.” ఆమెను చిన్నబుచ్చరాదను మర్యాద అతనిచేత ఆ మాట పలికించెను.

గది కూల్చవలయునా యని యంత్రము ఆంగ్లమున అడుగగా ఖాజా దానిని తెలుగున చెప్పెను. సుంకులమ్మ తన చూపుడు వ్రేలితోనే ఔనని నొక్కెను. క్షణములో గోడ మాయమయ్యెను. ఎఱ్ఱగీత నీలమయ్యెను. ఆ మధ్యాహ్నమే దుకాణపు నమూనా లోపలికి పోయెను. మఱునాటికి అట్టలు వచ్చెను. నాలుగు మగ్గములును నోళ్ళు తెఱచి వీథితో గొంతు కలిపెను. ఇల్లు ఖాళీ చేసినవారు గుమ్మపు తోరణమును తీసికొనునట్లు ఆమె మొదటి తెఱపై నున్న పేర్లను గూడ తుడిచి పెన్‌డ్రైవును పట్టుగుడ్డలో చుట్టి పసుపు పెట్టి దేవుని గూటిలో ఉంచెను. ప్రతిదినమును దీపము పెట్టునప్పుడు దానికిని ఒక అక్షింత వేసెడిది.

శ్రావణము పోయెను. భాద్రపదము పోయెను. విశాలమైన క్రొత్త గదిలో క్రొత్త నమూనాలు వచ్చి పాత నేలను త్రొక్కి త్రొక్కి నిండుచుండెను. కార్తీకమున తిథి వచ్చెను. కర్మ ముగిసి కాకి మెతుకు ముట్టి చుట్టములు వెడలిన పిమ్మట సుంకులమ్మ తడి చీరతోనే దేవుని గూటినుండి ఆ మూట తీసి కంప్యూటరు ముందు కూర్చుండెను. పేర్లు వచ్చెను. నూటయిరువదియేడును వచ్చెను. ఆమె రెండు చేతులు జోడించి ‘పాప పోయిన నాడు’ అను పేరును తాకెను.

పువ్వు రాలేదు. ఈ గుర్తు దేనికో అది లేదని యంత్రము ఆమెకు రాని ఆంగ్లమున చెప్పెను.

మఱల తాకెను. అదే బదులు. ఉప్పు మఱచిన నాటిని తాకెను. అలిగిన నాటిని తాకెను. తిరిగి వచ్చిన నాటిని తాకెను. నూటయిరువదియేడు తలుపులు తట్టి నూటయిరువదియేడు మార్లు లేదనిపించుకొనెను.

పిలువనంపగా వచ్చిన ఖాజా తెఱ చూచి పేర్ల ప్రక్కనున్న అంకెలను వ్రేలితో చూపెను.

“అన్నిటి బరువూ ఒకటే చూడక్కా. పువ్వుకు ఒక బరువు, పిందెకు ఒక బరువు ఉండల్ల. ఇవి పేర్లే. లోపల ఏమీ లేదు.” అతడు చేయి వెనుకకు తీసికొనెను. “తప్పు నాది. ఆ పొద్దు చూడాల్సింది.”

“చూస్తానంటివి. నేనే చూడనీకపోతి.”

అతడు యంత్రమును తీసికొనిపోయి మూడు దినములు నిద్రాహారములు మాని వెదకెను. నాలుగు నెలల త్రొక్కుడు క్రింద అడుగుజాడ నిలుచునా? విఱిగిన అంచులు రెండు మూడు దొరకెను. ఆ ఒక్కటి దొరకలేదు.

అప్పుడు సుంకులమ్మ లింగమ్మ అరుగెక్కెను. “అత్తా, పాప పోయిన దినం ఆయన ఒక నమూనా గీసినాడు. దానికి ఎప్పుడన్నా అట్టలు కొట్టినారా? ఏ మగ్గం మీదన్నా నేసినారా?”

లింగమ్మ నూలు చుట్టుచున్న చేయి ఆపెను. “అది నేసింది గాదే. ఆ పొద్దు నేను వానికి అంబలి ఇయ్యను పోయినా. తెర మీద ఏముండిందో ఈ పాడు కళ్ళకు ఆనలేదు. నువ్వు నేలకు మొగమేసి పడుంటివి, వాని భుజాలు మాత్రం ఎగిరెగిరి పడతాండె. నోట్లో తుండుగుడ్డ కుక్కుకున్యాడు, నీకు ఇనపడకూడదని. నేను లోటా ఆడ పెట్టి వచ్చేస్తి.”

సుంకులమ్మ కంబమును పట్టుకొనెను. “పందొమ్మిదేండ్లు ఏమిటికి చెప్పలేదత్తా?”

“నువ్వు అడిగితివా?”

గాలి లేదు. వీథిలో మగ్గములు మ్రోగుచునే యుండెను. సుంకులమ్మ ఇంటికి వచ్చి ఖాజా తిరిగి తెచ్చి పెట్టిన యంత్రము ముందు ఆయన కూర్చుండిన పీట మీద ఆయన వలెనే ఇంటివైపు వీపు పెట్టి కూర్చుండెను. క్రొత్త గళ్ళకాగిత మొకటి తెఱచెను. దానిపై ఏమియు గీయలేదు. పేరు వ్రాయవలసిన చోట ఒక్క వ్రేలితో అక్షరము వెంట అక్షరము వెదకి వెదకి చాలసేపు వ్రాసెను.

గుమ్మమున నిలిచియున్న ఖాజా మెల్లగా అడిగెను. “ఉత్త కాగితం దాస్తాండావు. ఏమిటికక్కా?”

“చోటు చాలదంటివే. ఇప్పుడు చోటుకేం కొదవ?”

పువ్వులు ఒకదానినొకటి పోలును గాని దినములు పోలవు. మనుష్యుడు మాటలో దాచినది చెవికి దొరకును. వ్రాతలో దాచినది కంటికి దొరకును. వీపు వెనుక దాచినది అడిగినవారికే దొరకును గాని అడుగనివారికి దొరకదు. ఆ పెద్ద గదిలో ఎన్నియో పువ్వుల నడుమ ఒక్క పోగైనను లేని ఆ తెల్లని నమూనా నేటికిని ఉన్నది. దాని పేరు ‘ఆయన ఏడ్చినాడని తెలిసిన నాడు.’