'తో' దగ్గర ఆగిన పెళ్లి

సాయంత్రం పనులు ముగించుకున్నాక ఆ ఊళ్లో అందరూ చేరేది ఒక్క కొట్టు దగ్గరికే. అందరూ అడిగేదీ ఒక్కటే: "ఒక పిల్లి, రెండు టకటకలు ఇవ్వవయ్యా." పిల్లి అంటే బీరు. సీసా మీద బొమ్మ గీసినవాడు మొదలుపెట్టింది సింహాన్నే గానీ, జూలు దగ్గరికి వచ్చేసరికి ఓపిక అయిపోయింది. టకటక అంటే వేయించిన ఉప్పు బఠాణీ. గట్టిగా నమిలితే పక్కింటివాళ్లు ఎవరో తలుపు కొడుతున్నారనుకుని లేచి వెళ్లి చూసేవారు.

పిల్లి బీరు తయారుచేసే ఆయన కొడుక్కి, టకటక బఠాణీ వేయించే ఆయన కూతురికి సంబంధం కుదిరిందంటే ఎవరూ ఆశ్చర్యపోలేదు. పిల్లా పిల్లాడూ ఇష్టపడ్డారు, అది మామూలే. తండ్రులిద్దరూ ఒకరినొకరు ఇష్టపడ్డారు. బఠాణీలావిడకి భయం పట్టుకున్నది అక్కడే. తన మొగుడు ఎవరినైనా మరీ నెత్తిన పెట్టుకున్నాడంటే, కిందపడెయ్యడానికి ఎత్తు చూసుకుంటున్నట్టే లెక్క.

మధ్యవర్తిగా ఉండి సంబంధం కుదిర్చిన కొట్టాయన సంబరం పట్టలేక కొత్త బోర్డు పెట్టించాడు: "పిల్లి బీరుతో టకటక బఠాణీ."

బఠాణీలాయన అది చదివి ఇంటికొచ్చాడు. చెప్పులు కూడా విడవలేదు.

"ఆ 'తో' ఏంటే?"

"ఏ తో అండీ?"

"బీరుతో బఠాణీ అట! అంటే ఆయన ముందు దర్జాగా నడుస్తుంటే మనం వెనకాల సంచీ మోసుకెళ్లాలా? తో అంటే తోకే కదా!"

"అంతగా ఉంటే తిరగేసి రాయించండి. బఠాణీతో బీరు."

ఊరికే అన్న మాట అది. ఆయన నిజంగానే రాయించేశాడు. మర్నాడు బీరాయన గుమ్మంలో ప్రత్యక్షం.

"బావగారూ, బీరు తాగుతూ బఠాణీ నంజుకుంటారు గానీ, బఠాణీ తింటూ బీరు నంజుకునేవాణ్ని ఎక్కడైనా చూశారా?"

"గొంతులో పలుకు అడ్డం పడితే మీ సీసాయే కదా బావగారూ దిక్కు?"

"అంటే మా సరుకు మందా?"

"మందు కాక మరేంటి?"

బీరాయన మొహం మాడిపోయింది. మూడు తరాలుగా వాళ్లింట్లో ఆ మాట ఎవరూ అనరు. జ్వరమొస్తే కూడా మాత్ర అంటారు గానీ మందు అనరు.

ఆ పూటే రెండువైపులా హుకుములు జారీ అయ్యాయి. బీరున్న చోట బఠాణీ ఉండకూడదు, బఠాణీ ఉన్న చోట బీరు ఉండకూడదు. కొట్టాయన కొట్టుకి నడిమధ్యన దుప్పటి కట్టి, తల అటూ కాళ్లు ఇటూ పెట్టి పడుకుని బేరం చేసుకున్నాడు.

ఊరికి ఊరే గాడి తప్పింది. ఉత్త బీరు తాగేవాళ్లకి పళ్లకి పని లేకుండా పోయింది. సెలూనాయన దువ్వెన పళ్లు కొరికేయడంతో ఎవరి పాపిడీ తిన్నగా రావడం లేదు. ఉత్త బఠాణీ తినేవాళ్లకి ఎక్కిళ్లు. బస్సు కండక్టరుకి వచ్చిన ప్రతి ఎక్కిలినీ డ్రైవరు 'రైట్' అనుకుని బండి ఉరికించేవాడు. దిగాల్సినవాళ్లు పక్క ఊళ్లో తేలేవారు.

ఇది చాలదన్నట్టు అమ్మాయి అన్నం తింటూ అడిగింది.

"నాన్నా, పెళ్లయ్యాక నేను అతనితో ఉన్నట్టా, అతను నాతో ఉన్నట్టా?"

 ఈ కోణం బఠాణీలాయనకి అప్పటిదాకా తట్టనే లేదు. అది తేలేదాకా పెళ్లి మాట ఎత్తొద్దన్నాడు. సంగతి చెవినపడి బీరాయన కూడా అదే మాట అన్నాడు.

"నోరు కాసేపు ఊరుకోదుటే?" అంది తల్లి.

"డౌటొచ్చిందమ్మా," అంది కూతురు. అని, లేచి లోపలికి వెళ్లిపోయింది. కంచంలో అన్నం అలాగే ఉంది. ఆ కంచం చూశాక బఠాణీలావిడ ఫోన్ తీసి బీరాయన భార్యకి చేసింది.

"వదినా, ఆదివారం అన్నయ్యగారిని తీసుకుని రండి. ఆఖరిసారి కూర్చుని మాట్లాడుకుందాం."

"వస్తారు వదినా. కాకపోతే, ఆ రోజూ తేలకుంటే సంబంధం వదిలేసుకుంటాం అని చెప్పి మరీ వస్తారు."

"మా ఆయన కూడా అదే పాఠం వల్లిస్తున్నారు. రానివ్వండి."

ఆదివారం బావగార్లిద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఇద్దరి ముందూ గ్లాసులో బీరు, పళ్లెంలో బఠాణీ. ముందు గ్లాసు ముట్టుకుంటే బీరు గొప్పదని ఒప్పుకున్నట్టు, ముందు పళ్లెం ముట్టుకుంటే బఠాణీ గొప్పదని ఒప్పుకున్నట్టు. ఎవరూ చెయ్యి కదపలేదు. నురగ మెల్లగా చచ్చిపోతోంది. బీరాయన కండువా సర్దుకుని లేవబోయాడు.

బఠాణీలావిడ గబగబా వచ్చి రెండు పళ్లాల్లోని బఠాణీల్నీ తీసి రెండు గ్లాసుల్లోనూ కుమ్మరించేసింది.

గింజలు అడుక్కి దిగాయి. బుడగలు పట్టి పైకి లేచాయి, ఒక పల్టీ కొట్టాయి, మళ్లీ దిగాయి, మళ్లీ లేచాయి. ఇద్దరి తలలూ గ్లాసుల మీదికి వంగాయి.

"మీవి భలే ఎగురుతున్నాయే బావగారూ!" అన్నాడు బీరాయన.

"ఎగరేస్తున్నది మీదేగా బావగారూ!" అన్నాడు బఠాణీలాయన.

ఇద్దరూ ఒకేసారి గ్లాసెత్తారు. ఇద్దరూ ఒకేసారి కళ్లు మూసుకున్నారు. బఠాణీలావిడ ఊపిరి పీల్చుకునేలోగా మొగుడు మళ్లీ నోరు విప్పాడు.

"ఇంతకీ దీన్ని తిన్నాం అనాలా, తాగాం అనాలా?"

"గ్లాసులోది ఏదైనా తాగడమే!"

"నమిలాక తినడమే!"

బఠాణీలావిడ వియ్యపురాలి వంక చూసింది. వియ్యపురాలు సీసా అందుకుంది, ఈవిడ డబ్బా అందుకుంది. గ్లాసులు మళ్లీ నిండాయి. మొగుళ్లిద్దరి బుగ్గలూ ఉబ్బేదాకా ఆగి, బఠాణీలావిడ చాలా వినయంగా అడిగింది.

"అయితే వచ్చే నెల మొదటి ఆదివారం పెళ్లి పెట్టేసుకుందామా?"

రెండు దవడలూ టకటకలాడుతున్నాయి. వాటితోపాటు తలలు రెండూ కిందికీ పైకీ ఊగుతున్నాయి.

"ఇద్దరూ సరేనన్నారు వదినా."

"చూస్తూనే ఉన్నాను వదినా. మా ఆయనైతే ఇంకా అంటూనే ఉన్నారు."