పైగుండీ పట్టని కోటు

నాకు అన్నిటికన్నా భయం నా కూతురు నన్ను మర్చిపోతుందేమోనని, దానికింకా మూడేళ్లే, ఆ వయసు పిల్లకి అమ్మ మొహం ఎన్నాళ్లు గుర్తుంటుంది, ఆసుపత్రి బెంచీ మీద కూర్చుంటే చాలు ఇదే ఆలోచన, చెయ్యేమో ఊరుకోదు, మెడ పక్కన నిమ్మకాయంత గడ్డ మీదికే పోతుంది, ఎన్నాళ్లుగా ఉందమ్మా అని మొదటి డాక్టరు అడిగితే రెండేళ్ల నుంచీ అనేశాను, తొందరగా పెరిగేదే చెడ్డదని అత్తయ్య అనేది, పాతదంటే వదిలేస్తారనుకున్నాను, వదల్లేదు, ముక్క తీశారు, కణాలు జోరుగా పెరుగుతున్నాయి, కేన్సర్ అనుమానం అని కాగితం వచ్చింది, మా ఆయన దాన్ని తలకిందులుగా పట్టుకుని చదివాడు, తిప్పి పట్టుకో అంటే ఎలా పట్టుకున్నా అర్థం కాదులేవే అన్నాడు, ఇద్దరం నవ్వాం, నవ్వాక ఆయన చాలాసేపు కుళాయి దగ్గర మొహం కడుక్కున్నాడు.

ముక్కల్ని పరీక్షించే డాక్టరమ్మ రోగుల్ని పిలవదట, పోయినవారం నన్ను మాత్రం పిలిచింది, చూస్తావా అని సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టింది, గులాబీరంగు పోగులు, బాబిన్ ఊడి దారం చెల్లాచెదురైనట్టు, ఇది నాలోదేనా అన్నాను, నీదే, చూపుకి చెడ్డదే, కానీ నాకు నమ్మకం కుదరట్లేదు, ఈమధ్యే లేచి జోరుగా పెరిగిందంటే కేన్సర్ కాకపోవచ్చు, రెండేళ్లుగా ఉన్నదైతే నేను భయపడాలి, నిజంగా రెండేళ్లేనా అంది, అప్పుడు నా ఒంటిమీది పని కోటు గుర్తొచ్చింది, ఒకటో తారీఖున మా కుట్టు యూనిట్లో నేనే కుట్టుకున్నది, ఆరోజు పైగుండీ పెట్టుకున్నాక కూడా రెండు వేళ్లు దూరేవి, ఇప్పుడు గుండీ కాజా దాకా కూడా రాదు, ఏడో తరగతితో బడి మానేసినదాన్నే, కానీ కాలరు కొలతలో నన్ను తప్పుపట్టేవాళ్లు ఇంకా పుట్టలేదు, కాదమ్మా, నెల కూడా కాలేదు అన్నాను, ఆమె గుండీ లాగి చూసి, మరి రెండేళ్లన్నావేంటే తల్లీ, నా నిద్ర పాడుచేశావు అని నవ్వింది, ఇంకో పరీక్షకి పంపింది.

ఇవాళ ఆమే బయటికొచ్చి బెంచీ దగ్గరే చెప్పింది, కేన్సర్ కాదు, నాడ్యులర్ ఫేషియైటిస్ అట, అరుదైనదట, హడావిడిగా పెరిగి డాక్టర్లని బెదరగొడుతుందట, ప్రాణం మీదికి తేదట, నాకు నవ్వొచ్చింది, మా ఆడపడుచు లాంటిదన్నమాట, ఇంటికెళ్లి పిల్లకి జడ వెయ్యాలి, రేపూ ఎల్లుండీ నేనే వేస్తాను, దాని పెళ్లినాడూ నేనే వేస్తాను, లేవబోయి బెంచీ మీద చెయ్యి ఆన్చాను, ఇక్కడే కదా, మొదటి డాక్టరు దగ్గరికొచ్చిన రోజు సరిగ్గా ఈ చివరే కదా ఒకావిడ కూర్చుంది, బూడిదరంగు స్కార్ఫు, దవడ కింద గడ్డ, రెండు నెలల్లో లేచిందమ్మాయ్ అంది, నేనేమో అప్పుడే డాక్టరుకి అబద్ధం చెప్పొచ్చిన హుషారులో, ఏళ్ల నుంచీ ఉందని చెప్పక్కా, సూదుల బాధ తప్పుతుంది అన్నాను, సరేనని తలూపి లోపలికెళ్లింది, కాసేపటికి తేలిక మొహంతో బయటికొచ్చి, వదిలేశారమ్మాయ్ అంటూ నా బుగ్గ పుణికి వెళ్లిపోయింది, నాది బెదిరింపే, ఆమెది ఏమిటో ఎవరికి తెలుసు, పేరైనా అడగలేదు, బూడిదరంగు స్కార్ఫు, ఎడమ దవడ, మీలో ఎవరికైనా కనిపిస్తే ఒక్కసారి ఆపి ఎలా ఉందో చూడండి, ఎప్పుడొచ్చిందో డాక్టరుకి ఉన్నదున్నట్టు చెప్పమన్నానని చెప్పండి.