ఆగి ఇచ్చే చేయి

నా భార్య పనిలో నిదానం. ఆమె బతికున్నన్నాళ్లూ షెడ్డులో మా బల్లే వెనకబడి ఉండేది. తప్పు ఆమెది. ఇందులో వాదన లేదు.

మేము ఇస్త్రీ పెట్టెలు చేస్తాం. ఒకరు అడుగు పలక తెచ్చి బల్ల మీద పెడతారు. ఎదుటివారు దానికి పిడి బిగించి పక్కకు తోస్తారు. పెట్టేది ఆమె, బిగించేది నేను. బిగించాక ప్రతి స్క్రూనూ ఇంకో తిప్పు తిప్పి చూస్తాను. బిగుసుకోగానే తనంతట తానే ఆగిపోయే కరెంటు స్క్రూడ్రైవర్ ఇచ్చారు. ఆగిందని నమ్మేవాణ్ణి కాను.

కిందటేడు కంపెనీ ఒక ఇనుప చేయి తెచ్చింది. ఇంజనీరమ్మాయి నా భార్యను పిలిచి, దాన్ని పట్టుకుని రోజూ చేసే పని చేయించమంది. పిల్లలకు అక్షరాలు దిద్దించినట్టు ఆమె దగ్గరుండి దిద్దించింది. అది నేర్చుకుంది. ఆ చలికాలమే జ్వరమొచ్చి ఆమె పోయింది. ఆమె కుర్చీ తీసేసి అక్కడ చేతిని బిగించారు.

ఇద్దరు మనుషులు ఎక్కువ చేస్తారా, మనిషీ మరా కలిసి ఎక్కువ చేస్తారా చూద్దామని మేనేజరు పందెం పెట్టాడు. గెలిచిన పద్ధతే షెడ్డంతా వస్తుంది. అవతల పక్క బల్లవాడు గుండు, వాడి బావమరిది. ఇవతల నేను, ఇనుప చేయి. ఆ పందెం నాకు కావలసిందే. ఇన్నేళ్లూ నన్ను ఆమెతో జత కట్టి చూశారు. నిదానం ఎవరిదో ఇప్పుడు తేలుతుంది.

మేమే ఓడుతూ వచ్చాం. చేయి నీళ్లు తాగదు, నడుం పట్టేసిందనదు, కబుర్లాడదు. అయినా మా బల్ల మునుపటిలాగే నడిచింది.

"నీ ఎదురుగా కూర్చుంటే ఇనుముకైనా నీరసం వస్తుంది అన్నా," అన్నాడు గుండు.

"నీ నోరు ఆగితే నీ బల్ల ఇంకా ముందుంటుందిరా."

ఇంజనీరమ్మాయి స్టూలు తెచ్చుకుని మా పక్కన కూర్చుంది. "బాబాయ్, ఇది చూడండి. పలక తెస్తుంది, బల్లకు జానెడు పైన ఆగుతుంది, తర్వాత పెడుతుంది. ఎందుకాగుతోంది?"

"నన్నడుగుతావేం? చదువుకున్నదానివి నువ్వు."

"నేను నేర్పలేదు బాబాయ్. ఇది పిన్ని చేసిందే."

"అదే నేను చెప్పేది. నిదానం."

ఆ అమ్మాయికి ఆ జవాబు చాలలేదు. నిజానికి నాకూ ఉండబట్టలేదు. ఇద్దరం వంగి చూశాం. గుండును పిలిచి నా చోట కూర్చోబెట్టింది. వాడు చకచకా బిగించి, ఖాళీ చేతులు చాపాడు. పలక గాలిలోనే ఉంది.

"ఇస్తావా తల్లీ, ఊరెళ్లి రమ్మంటావా?" అన్నాడు ఆ ఇనుప చేతిని చూసి.

తర్వాత నేను కూర్చున్నాను. బిగించాను. ఇంకో తిప్పు తిప్పాను. పెట్టెను పక్కకు తోశాను. నా చేతులు ఖాళీ అవుతూనే పలక దిగింది. మళ్లీ చేశాను. మళ్లీ అంతే.

"ఆ రెండో తిప్పు మానేసి చేయండి బాబాయ్."

బలవంతాన మానేశాను. చేతులు ఖాళీగా ఉన్నాయి. పలక పైన ఆగి ఉంది. సరిగ్గా ఆ తిప్పుకు పట్టేంతసేపు ఆగి, దిగింది.

గుండు ముఖంలో నవ్వు పోయింది. "వదిన..." అని ఆ చేయి బిగించిన చోటు వైపు చూశాడు.

ఇంజనీరమ్మాయి ఆ ఆగడం తీసేసి మర నడిపింది. మొదటి పెట్టె తోసే లోపే రెండో పలక వచ్చి వేళ్ల మీద పడింది. తిప్పు మానుదామనుకుంటూనే తిప్పాను. నా చేతికి వేరే దారి తెలియదు. మరో పలక వచ్చింది. ఆ అమ్మాయి మర ఆపేసింది.

"పాతదే ఉంచమంటే ఉంచుతాను," అంది గొంతు తగ్గించి. "పందెం పోతే పోనీండి. ఈ చేయి మీ బల్ల దగ్గరే ఉండేలా మేనేజరుతో నేను మాట్లాడతాను."

నా భార్య నాకోసం ఆగిందని ఒప్పుకుంటేనే ఆ చోటు నాకు దక్కుతుంది.

"కొత్తదే ఉంచు. నా చోట గుండును కూర్చోబెట్టు."

"మరి మీరు?"

"ప్యాకింగులో అట్టపెట్టెలున్నాయి."

ఇప్పుడు షెడ్డులో ఆ బల్లే అందరికంటే ముందుంది. నిన్న టీ దగ్గర గుండు నా పక్కన చేరాడు. "అన్నా, నీకోసమే ఆగుతున్నానని వదిన ఎప్పుడూ నీతో అనలేదా?" అన్నాడు.

గ్లాసు కింద పెట్టి లేచాను. వాడికే కాదు, ఎవరికీ జవాబు చెప్పను. ఈ సంగతి ఇక నా నోట రాదు.