చుక్క పడని బోరు

కొండ కింది తన చేనిలో బోరు బండి ఆగగానే ఈశ్వరప్ప టెంకాయ కొట్టాడు. ఇది రాతి పరీక్షేనని బండితో వచ్చిన సర్కారు ఇంజనీరు ముందే చెప్పాడు. కానీ ఆ మాట ఈశ్వరప్ప చెవికెక్కలేదు. కొత్తచెరువు చుట్టుపక్కల బోరు బండి వచ్చిందంటే నీళ్లకు కాక మరెందుకు? కోడలు భారతి కూడా అదే నమ్మింది. బండికి పసుపు కుంకుమ పెట్టి, చంకలోని కూతురు మౌనిక చేత దండం పెట్టించింది.

మధ్యాహ్నానికి చివరి రాడ్డు కూడా దిగింది. పైకి లేచింది దుమ్మే. ఈశ్వరప్ప తలగుడ్డ విప్పి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. భారతికి ఏడుపు తన్నుకొచ్చింది.

అప్పుడు ఇంజనీరు చప్పట్లు కొట్టాడు.

"చుక్క లేదు! ఇంత గట్టి రాయి ఇంకెక్కడా తగల్లేదు."

భారతి బిత్తరపోయింది. "ఏం సార్, మా బోరు పోతే నీకు పండగా?"

ఇంజనీరు నాలుక కరుచుకున్నాడు. "అది కాదమ్మా. అణు విద్యుత్తు చేసేచోట విషం లాంటి చెత్త మిగులుతుంది. దాన్ని పుట్టబోయే పిల్లల నెత్తిన వదిలేసి పోకూడదని సర్కారు ఆలోచన. నీళ్లు చేరని రాయిలో లోతుగా పాతిపెట్టాలి. ఇప్పుడు వెతుకుతున్నామంతే. మీరు ఒప్పుకోకుండా ఏదీ జరగదు."

"ఎన్నాళ్లుంటాది ఆ విషం?"

"కొంత... వేల ఏళ్లు."

భారతి బిడ్డను గట్టిగా అదుముకుంది.

"గడ్డి మొలవని నేల, పెట్టుకోనీలే," అన్నాడు ఈశ్వరప్ప. "ఇంకో బోరు కావాల్నా? ఏసుకోండప్పా."

"వద్దు మామా!" మామ ఎదుట ఆమె గొంతు అంతగా లేవడం అదే మొదలు.

"ఎవరూ తవ్వకుండా హెచ్చరిక రాయి నాటుతామమ్మా," అన్నాడు ఇంజనీరు.

"నువ్వు నోటితో చెప్తేనే మేం ఇనలేదు కద సార్! రాయి చెప్తే ఇంటారా? నా బిడ్డకు పుట్టేటోళ్లు, వాళ్లకు పుట్టేటోళ్లు, కరువొస్తే ఈడనే బోరేస్తారు. ఈడనే దండం పెడతారు."

ఇంజనీరు ఈశ్వరప్ప వైపు తిరిగాడు. "మరి రెండో బోరు?"

"నన్నెందుకడుగుతావప్పా? ఆ యమ్మి చెప్పె కదా."

"ఎయ్యనీయను," అంది భారతి.

డ్రైవరు రాడ్లు బండికెక్కించసాగాడు. భారతి ఇంజనీరు దగ్గరికి వచ్చింది.

"సార్, మరి ఆ చెత్త ఇప్పుడు యాడుండాది?"

"నేల మీదే ఉందమ్మా. కాపలా పెట్టి చూసుకుంటున్నారు."

"ఎన్నాళ్లు కాస్తారు సార్?"

"పాతిపెట్టే చోటు దొరికేదాకా అమ్మా." భారతి ఆ బోరు వైపు చూసింది. బండి స్టార్టయింది.