గోడ అవతలి పాదాలు

క్రిస్టినాకు గోడ పడగొట్టించాలని ఉంది. ఆ ఇంట్లో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. వంటింటికీ భోజనాల గదికీ మధ్యనున్న ఆ గోడ తీసేస్తే రెండు గదులూ కలిసి ఒకటవుతాయని, పొయ్యి దగ్గర నిలబడే బల్ల దగ్గరివాళ్ళతో కబుర్లు చెబుతూ దోసెలు వేయవచ్చని ఆమె ఆలోచన. ఫోనులో చూసిన వంటిళ్ళన్నీ అలాగే ఉన్నాయి మరి. ఆ వంటిళ్ళలో ఎవరూ ఎండుచేపలు వేయించరన్న సంగతి ఫోను చెప్పదు.

అత్తగారు రావమ్మది ఒకటే మాట. "గోడ ఉంచండి." ఎందుకని అడిగితే "ఉంటే మంచిది" అనేది. ఇంకా గట్టిగా అడిగితే చీపురు పట్టుకుని పెరట్లోకి వెళ్ళి మునగచెట్టు కింద ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చేది. పటమటలో ఆ ఇల్లు కట్టించింది ఆవిడ భర్తే కాబట్టి, పోయిన మనిషి గుర్తుగా గోడ మీద మమకారమేమో అని మొదట అనుకున్నారు. కానీ ఆయన పెట్టించిన వీధి గేటు మార్చినప్పుడు ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. మరి ఈ గోడలో ఏముంది? క్రిస్టినాకు అదే అంతుపట్టేది కాదు. భర్త జాన్సన్‌ని అడిగితే "మీరిద్దరూ ఏదనుకుంటే అదే" అనేవాడు. మగవాళ్ళకు అంతకన్నా సుఖమైన మాట ఇంకోటి లేదు.

ఇద్దరూ కలిసి ఏదైనా అనుకుంటే కదా. అత్తాకోడళ్ళ మధ్య అసలు మాటలే లేవని కాదు. పాలు వచ్చాయా, కరెంటు బిల్లు కట్టారా అన్నంత వరకు ఉన్నాయి. అంతకు మించి లేకపోవడానికి కారణం ఉంది, అది ముందే చెప్పేయడం నయం. క్రిస్టినాకు రెండుసార్లు కడుపు పోయింది. రెండోసారి ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన కొద్దిరోజులకే రావమ్మ చర్చిలో స్త్రీల కూడికలో లేచి నిలబడి కోడలి కోసం ప్రార్థన మనవి ఇచ్చింది. మనవి ఇవ్వడమంటే ఫలానా మనిషికి ఫలానా కష్టమని పేరుపెట్టి చెప్పి, అందరినీ ప్రార్థించమని అడగడం. ఆవిడకు తెలిసిన ప్రేమ అదే. ఆదివారానికల్లా ఆ మనవి మైకులోకెక్కింది. "మన సహోదరి క్రిస్టినా గర్భఫలం కోసం" అని పాస్టరుగారు అనగానే సంఘమంతా ఆమేన్ అంది. కాలేజీలో క్రిస్టినా దగ్గర ఫిజిక్సు చదువుకునే పిల్లలు ఆ వెనక వరసలోనే ఉన్నారు. సిగ్గుతో ఆమె చితికిపోయింది.

ఇంటికి వచ్చాక అత్తగారితో ఒక్క మాట చెప్పింది. "ఇక నా గురించి మీరు ప్రార్థన చేయకండి. ఎక్కడా." రావమ్మ తలూపింది. ఆ తర్వాత కుటుంబ ప్రార్థనలో కొడుకు పేరు వచ్చేది, చల్లపల్లిలో ఉన్న చెల్లెలి పేరు వచ్చేది, ఆఖరికి పాలు పోసే మనిషి మోకాళ్ళ నొప్పి కూడా వచ్చేది. కోడలి పేరు మాత్రం వచ్చేది కాదు. వద్దన్నది తనే అయినా, ప్రతి సాయంత్రం ఆ పేరు రావలసిన చోట క్రిస్టినా మనసు చివుక్కుమనేది.

ఇలాంటి ఇంటికి సలహా చెప్పడానికి వచ్చింది శాంభవి. వంటిళ్ళూ భోజనాల గదులూ ఎలా అమర్చుకోవాలో చెప్పడమే ఆవిడ వృత్తి. వస్తూనే రంగుల పుస్తకం తెరుస్తుందనుకుంటే, చేపలు ఎక్కడ కడుగుతారు, కారం డబ్బా ఎవరికి అందాలి, ప్రార్థన కూడిక పెట్టుకున్నప్పుడు ఎంతమంది భోంచేస్తారు అని అడిగింది. గోడ సంగతి ఎత్తేసరికి, "తీసినా అక్కడ జరిపే అద్దాల తలుపు పెట్టుకోండి. వేపుళ్ళప్పుడు మూసుకోవచ్చు. లేకపోతే మీ సోఫాలు కూడా చేపల వాసనే కొడతాయి" అంది. క్రిస్టినాకు అది నచ్చింది. ఇంత వివరం తెలిసిన మనిషి గోడ గురించి అత్తగారికి కూడా నచ్చజెప్పగలదని ఆశ పుట్టింది.

"కాకపోతే నేను ముందు ఒకటి చూడాలండి" అంది శాంభవి. "మీరు మామూలుగా వంట చేసుకునే పూట వస్తాను. కాస్త మెత్తటి బియ్యప్పిండి, జల్లెడ ఉంటే చాలు."

"పిండి ఎందుకండీ?"

"నేల మీద పల్చగా జల్లుతాను. అందరూ చెప్పులు లేకుండా రోజూ తిరిగినట్టే తిరగండి. ఎక్కడ ఎక్కువ నడుస్తున్నారో, ఎక్కడ నిలబడుతున్నారో తెలుస్తుంది. నోటితో అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేరండీ, చాలామందికి వాళ్ళ నడకే తెలియదు."

జాన్సన్ నవ్వాడు గాని క్రిస్టినాకు భలే కుతూహలం కలిగింది. కనబడని కదలికను కనబడేలా చేసే ఉపాయం ఏదైనా ఫిజిక్సు చెప్పేవాళ్ళకు ముద్దే.

ఆదివారం ఆరాధన నుంచి వాళ్ళు వచ్చేసరికి శాంభవి గేటు దగ్గర ఉంది. బూడిదరంగు మొజాయిక్ గచ్చు మీద, వంటింట్లోనూ భోజనాల గదిలోనూ పిండి జల్లింది. "జారుతుందేమో, మెల్లగా" అని హెచ్చరించింది. కోడికూర, పలావు, పెరుగు పచ్చడి. వంట జరిగినంతసేపూ శాంభవి వీధి వరండాలోనే కూర్చుంది. తను చూస్తుంటే ఎవరూ మామూలుగా తిరగరట. పొయ్యి కట్టేశాక లోపలికి వచ్చి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని గుమ్మంలో కూర్చుని చూడసాగింది.

"ఇవి మీవి" అంది. క్రిస్టినా పాదాలు పొయ్యికీ సింకుకీ మధ్య దారి వేసేశాయి. అక్కడి నుంచి ఎదురుమూల ఫ్రిజ్ దాకా మరో దారి. "ఫ్రిజ్ ఇటు తెస్తే మీ కాళ్ళకు సగం పని తగ్గుతుంది." జాన్సన్ పెద్ద పాదాలు మంచినీళ్ళ ఫిల్టరు దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయాయి. "సారుగారి గురించి ఏమీ మార్చక్కర్లేదు" అంది శాంభవి. క్రిస్టినా చాలా రోజుల తర్వాత పగలబడి నవ్వింది.

తర్వాత శాంభవి భోజనాల గదిలోకి వెళ్ళి గోడ ముందు ఆగిపోయింది. అక్కడ రెండు చిన్న పాదాలు. వేళ్ళు గోడ వైపు. నడిచిన గుర్తులు కావవి. ఒకేచోట చాలాసేపు నిలబడి, బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మార్చుకున్న గుర్తులు. మళ్ళీ మళ్ళీ వచ్చి అక్కడే నిలబడ్డట్టు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. ఎదురుగా అలమర లేదు, క్యాలెండరు లేదు, మేకు కూడా లేదు. ఉత్త గోడ.

"ఇక్కడ ఎవరు నిలబడతారండీ?" అడిగింది శాంభవి.

ఇంట్లో అంత చిన్న పాదాలు రావమ్మవి తప్ప ఇంకెవరివీ కావు. క్రిస్టినా ముందు వింతగా చూసింది. మరుక్షణం ఒళ్ళు మండింది. గోడకు అవతల ఉన్నది పొయ్యి. పొయ్యి దగ్గర నిలబడి ఆమె రోజూ అక్క దీవెనతో ఫోనులో మాట్లాడుతుంది. అందులో అత్తగారి మీద చెప్పేవి తక్కువేం కాదు. ఇందుకా గోడ ఉండాలన్నది, చాటునుంచి వినడానికా?

"ఇది చూడండి" అంది శాంభవి. భుజం ఎత్తులో గోడ మీద రంగు మాసి, అరచేయి వెడల్పున నూనె జిడ్డు మరక. ఆ మరక క్రిస్టినాకు బాగా తెలుసు. కుర్చీలో కూర్చుని జాన్సన్ తల ఆనిస్తాడని అతన్ని తిట్టి, సబ్బునీళ్ళతో ఎన్నోసార్లు తుడిచింది. శాంభవి దాని మీద తన చేయి ఆనించి చూసి, ఏదో తోచినట్టు చటుక్కున తీసేసింది. "నేను బయట కిటికీల కొలతలు తీసుకుంటాను" అని వెళ్ళిపోయింది.

వినడానికైతే చెవి ఆనించాలి గాని చేయి ఎందుకు? క్రిస్టినా కోపం అక్కడ ఆగింది.

రావమ్మ తన గదిలో బైబిలు సంచి మంచం మీద పెట్టి, చర్చి చీర మడతపెడుతోంది.

"అత్తయ్యా, గోడ దగ్గర నిలబడి ఏం చేస్తున్నారు?"

ఆవిడ చేతిలో మడత ఆగిపోయింది. పట్టుబడ్డ చిన్నపిల్లలా నేలకేసి చూసింది.

"నువ్వు వద్దన్నావు గదమ్మా."

"ఏం వద్దన్నాను?"

"నీ గురించి ప్రార్థన." "నోటితో చేయట్లేదులే. ఎవరికీ చెప్పలేదు. చెయ్యి పెట్టి అడిగితే నా మనసుకు నెమ్మది. నీ తలమీద పెట్టే ధైర్యం ఎక్కడిది నాకు? నువ్వు వంట చేసేటప్పుడు సరిగ్గా దాని అవతలే ఉంటావు. గోడమీద పెడితే నీమీద పెట్టినట్టే అనుకున్నా. నీ మాట దాటినట్టేనా?"

తను ఇవతల ఆవిడ మీద చాడీలు చెబుతుంటే, అవతల ఆవిడ తన మీద చెయ్యి వేసినట్టు నిలబడి ఉందన్నమాట. క్రిస్టినాకు సిగ్గు వేసింది. ఆ సిగ్గు వెనకాలే, రెండేళ్ళుగా పట్టి ఉంచుకున్న కోపం చేతిలోంచి జారిపోతున్నట్టనిపించి కాస్త భయం కూడా వేసింది. గోడ తీసేస్తే ఆవిడకు నిలబడడానికి చోటు ఉండదు. అంతే కదా ఆ మొండిపట్టంతా.

క్రిస్టినా కిటికీలోంచి చూసి పిలిచింది. "శాంభవిగారూ, గోడ తీసేద్దామండి. మీరు చెప్పిన అద్దాల తలుపే పెట్టండి."

రావమ్మ మొహం చిన్నబోయింది. "సరేలే, మీ ఇష్టం" అంటూ చీర మళ్ళీ మొదటినుంచి మడవబోయింది. క్రిస్టినా వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర నేలమీద కూర్చుని తల వంచింది.

"ఇక్కడ పెట్టండి చెయ్యి."

రావమ్మ చీర పక్కన పెట్టింది. తర్వాత కొబ్బరినూనె వాసన వేసే చెయ్యి మెల్లగా తలమీద వాలింది.

"నోటితోనే చేయమంటావా?"

"నోటితోనే. మైకు మాత్రం వద్దు."

క్రిస్టినా కళ్ళు మూసుకుని, గర్భఫలమన్న మాట కోసం పళ్ళు బిగించి ఎదురుచూసింది. ఆ మాట రాలేదు.

"తండ్రీ, ఈ బిడ్డ నాతో మునుపటిలా మాట్లాడాలి. నేను తెలివితక్కువగా పదిమందిలో పెట్టిన సంగతి ఈ బిడ్డ మనసులోంచి తీసెయ్యి. రోజూ అడిగేదే, ఇవాళ కూడా అదే అడుగుతున్నా. ఆమేన్."

క్రిస్టినా ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని కిందికి దించి ఒళ్ళో పెట్టుకుంది.

"రోజూ ఆయన్ని అడిగే బదులు ఒక్కసారి నన్నే అడగొచ్చుగా అత్తయ్యా."

"ఆయన్ని అడిగినంత తేలికేంటమ్మా నిన్నడగడం" అంది రావమ్మ.