ఇల్లయ్యాక

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దమనిషికి ఇల్లు కొనే తిప్పలు తెలియవు పాపం. ఓ పెయింటర్ ఇంట్లో ఆ తిప్పల పుణ్యమా అని ఒక మాట పుట్టింది. ఇల్లయ్యాక. చెప్పులు తెగాయా? ఇల్లయ్యాక కొందాం. ఫ్యాను తిరగడం లేదా? ఇల్లయ్యాక. పెళ్లయిన కొత్తలో ఎక్కడికైనా వెళ్లొద్దామని భార్య అడిగితే, అదీ ఇల్లయ్యాకే. "తుమ్ము కూడా ఇల్లయ్యాకే తుమ్మండి" అని ఆవిడ దెప్పేది.

అందరి గోడలకూ రంగులేసే మనిషి తను మాత్రం పెచ్చులూడే అద్దె గదిలో ఉండేవాడు. మొత్తం ఖరీదులో ఐదో వంతు ముందు చేతిలో ఉంటేనే లోను ఇస్తామన్నారు బ్యాంకువాళ్లు. దాని కోసం ముగ్గురూ నోరు కట్టుకున్నారు. తల్లి కిటికీ పక్కన కూర్చుని దర్జీ షాపుల చొక్కాలకు కాజాలు కుట్టేది. వచ్చినదంతా కొడుకు చేతిలోనే పెట్టేది. ఆమె కోరింది ఒక్కటే.

"నా గదికి నీలం వెయ్యరా. పుట్టినప్పటి నుంచీ సున్నం గోడలే చూశాను."

రెండేళ్ల కిందట ఒకరోజు ఆమె మెల్లగా అంది. "బల్బు చుట్టూ రంగుల చక్రాలు కనపడుతున్నాయిరా. డాక్టరుకి చూపిద్దామా?"

"పెయింటర్ తల్లివి, నీకు రంగులు కాక ఇంకేం కనపడతాయే! ఇల్లయ్యాక చూపిద్దాంలే."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆమె మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఆ తర్వాత కొన్నాళ్లకు వేళ్లు పట్టేస్తున్నాయని కాజాలు మానేస్తే, వయసు కదా అనుకున్నాడు. నిజానికి అంతకు మించి అనుకోవడం అతనికి ఇష్టం లేదు. అనుకుంటే ఖర్చు.

ఐదో వంతు పూర్తయిన రోజున షాపు నుంచి రంగుల కార్డు తెచ్చి తల్లి చేతిలో పెట్టాడు. దానిలో పదహారు రకాల నీలాలున్నాయి.

"చూడమ్మా, ఏది కావాలి?"

ఆమె కార్డును మొహానికి దగ్గరగా పట్టుకుంది. చాలాసేపు చూసినట్టే చూసి, మధ్యలో వేలు పెట్టింది.

"ఇదిగో, ఈ నీలం. ఎంత బాగుందో!"

వేలు పెట్టింది కార్డు వెనకవైపు. అక్కడ ఒట్టి తెల్ల కాగితం.

భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అతను తల్లి ముందు కూలబడ్డాడు. "ఎన్నాళ్లయిందే అమ్మా?"

"చుట్టూ చీకటి కమ్ముకుంటూ వచ్చిందిరా. ఈ గది నాకు అలవాటే కదా, తడుముకుంటే సరిపోయేది. ఇల్లయ్యాక చూపించుకుందామని..."

డాక్టరు చాలాసేపు పరీక్ష చేశాడు. కంటి నరం చచ్చిపోయిందన్నాడు. పోయిన చూపు ఆపరేషన్ చేసినా తిరిగి రాదన్నాడు. ఆ చక్రాలు కనపడ్డప్పుడే వచ్చి ఉంటే చుక్కల మందుతోనే చూపు నిలిచేదట. ఆ మందు సీసా ఖరీదెంతో అతను అడిగాడు. విన్నాక, అడగకుండా ఉండాల్సింది అనుకున్నాడు. రంగుకు ముందు పూసే ప్రైమర్ చిన్న డబ్బా అంతకంటే ఎక్కువ.

"ఈ ఇల్లు వద్దమ్మా" అన్నాడు బయటికొచ్చాక.

"నోర్మూసుకో. నా కళ్లు పెట్టి కొన్న ఇల్లురా అది. వదిలేస్తావా?" అంది తల్లి.

కొన్నారు. ఆమె గదికి అతనే నీలం వేశాడు, ఎవరింటికీ వేయనంత శ్రద్ధగా. మూడు పూతలు వేశాడు. ఆరాక ఆమెను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాడు. ఆమె గోడ మీద అరచెయ్యి ఆనించి, ఈ మూల నుంచి ఆ మూలకు తడుముకుంటూ నడిచింది.

"నున్నగా ఉందిరా. ఇంతకీ ఎలాంటి నీలం వేశావు, చెప్పు."

రోజూ ఎవరో ఒకరికి రంగుల గురించి ఊదరగొట్టే మనిషి, ఆ గోడకే తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాడు.

"సరేలే, ఏడవకు" అంది తల్లి, చెయ్యి చాచి అతని తల కోసం వెతుక్కుంటూ. "ఇల్లయింది కదరా."