బోర్లించిన చెంబు

సంగటి కుండను గోనెపట్ట మీదికి దించి, కదలకుండా పాదాలతో అదిమిపెట్టి, కృపామణి తెడ్డుతో గెలుకుతోంది. ఆ చేతుల్లో ఎముకలు తప్ప ఏమీ మిగల్లేదు. అయినా కుండలో ఒక్క ఉండ కట్టనివ్వదు. మణికట్టు దాకా నల్లటి మచ్చలు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోసి కోసి, సొన పడి కాలిన మచ్చలవి.

"సాలించవ్వా! పొయ్యి కాడికి పోవద్దని డాక్టరు సెప్పినాడా లేదా?" అంది మనవరాలు సుజన.

"ఆయప్ప సెప్తాడు. నడిసొచ్చేవాళ్ళకి ఆయప్ప వొచ్చి వొండిపెడ్తాడా?"

ఈవిడతో వాదించి గెలిచినవాళ్ళు ఆ చుట్టుపక్కల ఎవరూ లేరు.

ఇల్లు పూతలపట్టు దాటాక రోడ్డు పక్కనే. తమిళుల పెరటాసి నెల వచ్చిందంటే చాలు, గుడియాత్తం వైపు నుంచి పసుపు గుడ్డలు కట్టుకున్న జనం గోవిందలు పెట్టుకుంటూ తిరుమల కొండకు నడిచిపోతారు. వాళ్ళ కోసం కృపామణి వాకిట్లో నీళ్ళకుండ పెడుతుంది, దాని మూత మీద ఇత్తడి చెంబు. చెంబు నిలబెట్టి ఉంటే ఇంట్లో కూడు ఉన్నట్టు, ఎవరైనా పిలవొచ్చు. బోర్లించి ఉంటే ఆ పూటకి అయిపోయినట్టు. ఏటేటా నడిచేవాళ్ళకు ఈ సంగతి తెలుసు. వాకిలి మీద చెక్క సిలువ ఉంది. దాని గురించి వాళ్ళెవరూ అడగలేదు, ఈవిడా చెప్పలేదు. ఆ నెలంతా మాత్రం ఇంట్లో నీచు వండదు. చర్చిలో ఎవరో ఎత్తిపొడిస్తే, "ఆకలిగా వొచ్చినోణ్ణి నీది ఏ దేవుడని నేనడగలేను, మీరే అడగండి" అనేసి బైబిలు చంకన పెట్టుకుని ఇంటికొచ్చేసిందట. ఇంకో మొండితనం కూడా ఉంది. బయటివాళ్ళు ఒక్కరైనా తినందే తాను ముద్ద ముట్టదు.

తల్లి పోయిన సుజనను పెంచింది ఈ అవ్వే. ఫ్యాక్టరీ కూలితోనే నర్సు చదివించింది. ఇప్పుడు సుజన తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేస్తోంది. అవ్వకు ఆయాసం ఎక్కువైందని సెలవు పెట్టి వచ్చింది. నిన్నంతా అవ్వ నిలబడే ఉంది, వచ్చినవాళ్ళందరికీ తానే వడ్డించింది. పాదాలు ఉబ్బిపోయాయి. రాత్రంతా దిండుకు ఆనుకుని ఎగశ్వాస తీస్తుంటే చూస్తూ సుజన కునుకు తీయలేదు.

అందుకే పొద్దున్న, అవ్వ కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉన్నప్పుడు, సుజన వాకిట్లోకి వెళ్ళి చెంబు బోర్లించింది. ఒక్క రోజు ఎవరూ రాకపోతే కొంప మునగదు కదా అనుకుంది.

మధ్యాహ్నం గోవిందలు వినిపించాయి. దగ్గరికొచ్చాయి. కృపామణి పళ్ళెంలో సంగటి ముద్ద పెట్టి, పక్కన ఆకుకూరల పులగూర వేసి, ఒళ్ళో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమె ఉన్నచోటికి వాకిలి కనిపించదు. గోవిందలు ఇల్లు దాటి వెళ్ళిపోయాయి.

"సూడు పాపా, ఎవురన్నా నిలబడిండారా?"

"లేదవ్వా. పోతా ఉండారు."

ఇంకో గుంపు వచ్చింది. అదీ ఆగలేదు.

"నువ్వు తిను అవ్వా, మాత్ర ఏసుకోవాల."

"ఎవురూ తినకుండా నాకెట్ల దిగుతాది మే?"

బతిమాలగా బతిమాలగా రెండు గుక్కల పాలతో మాత్ర మింగింది. పొద్దు వాలింది. కృపామణి ఒళ్ళోని పళ్ళెం సర్దుకుంది. తర్వాత మెల్లగా అంది.

"కిరస్తానం ఇల్లని ఎవురో సెప్పుంటారు. దాంతోనే నిలవలేదు."

సుజన అప్పుడే చెప్పేయాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. చెబితే ముసలిది మళ్ళీ లేచి పొయ్యి దగ్గరికి పోతుందని తనకు తాను సర్దిచెప్పుకుంది. నిజానికి అది కాదు. అవ్వ తన ముఖంలోకి ఎట్లా చూస్తుందోనని భయపడింది.

"ఆ సిలువ తీసి లోపల పెడ్దామా మే?" అంది కృపామణి. "ఈ నెల మటుకే. ఏసయ్య ఏమీ అనుకోడులే."

సుజన అక్కడ నిలవలేకపోయింది. వాకిట్లోకి పరుగెత్తి చెంబు తిప్పి, నీళ్ళు ముంచి నిలబెట్టింది. దేవుడా, ఒక్కడు వస్తే చాలు, నేను చేసింది చెప్పే పని ఉండదు అనుకుంటూ రోడ్డు వైపు చూస్తూ నిలబడింది. ఛీ, అప్పుడు కూడా ఆ ఆలోచనే.

వచ్చాడు. పసుపు పంచె కట్టుకున్న పెద్దాయన, ఒక కాలు ఈడ్చుకుంటూ వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"అవ్వా, వొచ్చినారు!" సుజన లోపలికి పరుగు తీసింది.

కృపామణి గోడకు ఆనుకునే ఉంది. ఒళ్ళో పళ్ళెం, పళ్ళెంలో ముద్ద. తల కొంచెం పక్కకు ఒరిగింది. సుజన చెయ్యి పట్టుకుంది. నర్సు చెయ్యి, ఇంకొకరు చెప్పాల్సిన పనిలేదు.

బయటినుంచి పెద్దాయన గట్టిగా మాట్లాడుతూనే ఉన్నాడు.

"మావాళ్ళు ముందు పోతా ఫోన్ జేసినారు తల్లీ, సెంబు బోర్లించిండాది, సిలువమ్మకు ఒళ్ళు బాగలేదేమో, ఆడ ఆగి ఇబ్బంది పెట్టొద్దని. నాకు కాలు బొబ్బలెక్కి ఎనకబడితి. సూస్తే సెంబు నిలబెట్టిండాది, పానం లేసొచ్చింది. మా ఊళ్ళో అందరూ సిలువమ్మ ఇల్లనే అంటారు. కొండ ఎంత దూరమంటే, సిలువమ్మ కాడ తిని రెండు రోజుల నడక అంటారు. యాడుండాది అవ్వ?"

సుజన వాకిట్లోకి వచ్చింది. "అవ్వ పోయింది తాతా" అంది.

ఆయన లేచి నిలబడ్డాడు. సిలువ వైపు చూసి రెండు చేతులూ జోడించాడు.

"మొక్కులో ఉండాను తల్లీ. సావు ఇంట్లో నీళ్ళు గూడా ముట్టకూడదు. తప్పుగా అనుకోవద్దు" అన్నాడు. కళ్ళు తుడుచుకుంటూ కాలు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు.

సుజన లోపలికి వచ్చి అవ్వ పక్కన కూర్చుంది. చెవి దగ్గర నోరు పెట్టి, "సెంబు బోర్లించింది నేనే అవ్వా" అంది. మళ్ళీ అంది. పక్కింటి పంకజాక్షి వచ్చి భుజాలు పట్టుకుని లేపేదాకా అదే మాట అంటూనే ఉంది.

వాకిట్లో కుండ మీద చెంబు నిలబెట్టి ఉంది, అంచుదాకా నీళ్ళతో.